రాయి ఆట

మహదేవపుర,
17 ఫిబ్రవరి 2002, ఆదివారం

మా మునక్కకి,

సుమ రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టబోయాను గానీ ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని తిన్నగా విషయానికే వస్తున్నాను. మీ వీధి చివర బూత్‌కి ఫోన్ చేసి నిన్ను పిలిపించమనొచ్చు, కానీ అక్కడ పదిమంది చెవులు నీ మాటల మీదే ఉంటాయి. ఆ మాటకొస్తే మనిద్దరం అసలు సంగతులు నోటితో ఎప్పుడు మాట్లాడుకున్నాం? నాయనకి కన్నడ అక్షరాలే గానీ తెలుగు అక్షరాలు రావు. నువ్వు హిందూపురంలో అవ్వ దగ్గరుండి ఐదో తరగతి దాకా చదివిన తెలుగుని నాకు పలక మీద దిద్దించింది అందుకేనని పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు.

మొన్న గురువారం అంజు బడిలో జారుడుబల్ల మీంచి పడింది. కంగారు పడకు, కింది పెదవికి రెండు కుట్లు పడ్డాయి, మానిపోతోంది. నన్ను భయపెట్టింది వాళ్ల టీచరు మార్త మిస్. ఆవిడ మనలాగే ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి, మనసులో మాట దాచుకోదు. నన్ను పక్కకి పిలిచి చెప్పింది.

"పడిన పిల్ల ఏడవాల గదా మేడమ్? మీ పాప ఏడవలేదు. నెత్తురు కారతా ఉంటే రెప్ప కొట్టకుండా నిలబడింది. నేను ఉరుక్కుంటా దగ్గరికి పోతే బట్టల్లోనే ఉచ్చ పోసుకుంది. పద్దెనిమిదేండ్లుగా చిన్న పిల్లోళ్లతోనే ఉండాను. గలాటా చేసే పిల్లోళ్ల గురించి నాకు ఏ చింతా లేదు. ఇట్లా నిలబడిపోయే పిల్లని చూస్తేనే నాకు బేజారైతాది."

నేనేమన్నానో తెలుసా? "మా అంజు చాలా బుద్ధిమంతురాలు మిస్, ఇంట్లో కూడా ఇంతే" అన్నాను. గర్వంగా అన్నాను అక్కా. ఇంటికొచ్చిన వాళ్లంతా "బంగారు పిల్ల, ఇంట్లో ఉన్నట్టే తెలియదు" అంటుంటే నేనేదో గొప్పగా పెంచినట్టు మురిసిపోయేదాన్ని. మార్త మిస్ నా మొహం వంక అదోలా చూసింది.

మర్నాడు ఆఫీసులో ఇంకో సంగతి జరిగింది. నా పని గురించి ఎన్నిసార్లు చెప్పినా "ఎవరో మాట్లాడితే నువ్వు టైపు కొట్టేది, అంతే గదా" అంటావు. అంతే. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి టేపులో చెప్తారు, అది వైట్‌ఫీల్డ్‌లో మాకు వస్తుంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కాలికింద పెడల్, విని టైపు చేయాలి. వినపడని చోట ఖాళీ వదలాలి గానీ ఊహించి నింపకూడదు, అది మా మొదటి రూలు. మా ఫ్లోర్ మొత్తంలో తక్కువ ఖాళీలు వదిలేది నేనే. మా టీమ్ లీడర్ రియాజ్ "మీవి పాము చెవులు సుమా మేడమ్, ఎక్కడ ట్రైనింగ్ అయ్యారు?" అని ఎగతాళి చేస్తుంటాడు. మనం పెరిగిన కబ్బన్‌పేట ఇంట్లో అని చెప్తే ఆ అబ్బాయికి ఏం అర్థమవుతుంది?

శుక్రవారం నాకు ఒక పిల్లల డాక్టరమ్మ టేపు వచ్చింది. పేరూ ఊరూ చెప్పకూడదు. అక్కడో నాలుగేళ్ల పిల్ల. దెబ్బ తగిలినా ఏడవదట. గట్టిగా చప్పుడైతే ఉన్నచోటే బిగుసుకుపోతుందట. మన తలలో బాదంగింజంత ముక్క ఒకటుంటుందట, అపాయం వస్తే గంట కొట్టేది అదేనట. ఎప్పుడో ఒకసారి కొడితే మంచిదే. రోజూ భయమే ఉండే ఇంట్లో పిల్లకి ఆ గంట ఆగదు. మెదడు ఇంకా తయారవుతున్న వయసు కదా, అది ఆ ఇంటికి తగ్గట్టే తయారవుతుందట. అడుగుల చప్పుడు పోల్చుకోవడం, మొహాలు చదవడం ముందే వచ్చేస్తాయి. చదువు, నిద్ర, మనుషుల మీద నమ్మకం వెనకబడతాయి. పారిపోలేక, ఎదురు తిరగలేక పిల్ల బిగుసుకుపోతుంది, ఆ సమయంలో జరిగింది తర్వాత సరిగ్గా గుర్తు కూడా ఉండకపోవచ్చు, చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం దాన్ని బుద్ధిమంతురాలు అంటారు. అంతవరకూ చెప్పి డాక్టరమ్మ కాసేపు ఆగింది. ఆ ఆగినచోట ఆవిడ ఊపిరి నాకు వినపడింది.

పెడల్ వెనక్కి తొక్కి మూడుసార్లు విన్నాను. మొదటి రెండుసార్లు అంజు గురించి అనిపించింది. మూడోసారి నా గురించి అనిపించింది. మూడో తరగతి నేను రెండేళ్లు చదివాను, గుర్తుందా? ఎక్కాలు రావని టీచరు నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టింది. ఆమె మెట్టెల చప్పుడు బట్టి ఆ రోజు బెత్తం పడుతుందో లేదో చెప్పగలిగేదాన్ని, ఏడు ఎనిమిదులు మాత్రం ఎంతంటే నోరు పెగిలేది కాదు. అమ్మ పోయిన ఏడాది నాకు తొమ్మిదేళ్లు. ఆ ఏడాదిలో ఒక్క పండగ కూడా నాకు గుర్తు లేదు.

ఇక అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం నా చేతిలోంచి స్టీలు పళ్లెం జారి కింద పడింది. వెనక్కి తిరిగి చూస్తే అంజు గోడవార నిలబడి ఉంది. గడ్డం గుండెకి ఆనించి, బొటనవేళ్లు రెండూ గుప్పిళ్లలో మడిచి, పెదాలతో ఏదో లెక్కపెడుతోంది. దగ్గరికెళ్లి విన్నాను. "రాయి ఒకటి, రాయి రెండు, రాయి మూడు..."

ఆ లెక్క మనది. నాయన రెండు పవర్‌లూమ్‌లూ ఒక్కసారిగా ఆన్ చేసేవాడు, ఒక మగ్గం మీద నూలే ఉండేది కాదు. ఆ మోతలో అమ్మ అరుపులు వీధిలోకి వినపడవని. వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గాలే, ఎవరికి అనుమానం వస్తుంది? నువ్వు నన్ను కండెలు చుట్టే మిషను వెనక్కి లాక్కెళ్లి చెవిలో చెప్పేదానివి, "మనం రాళ్లం చిన్నీ. రాయికి నొప్పి లేదు, రాయి ఏడవదు, మగ్గం ఆగేదాకా లెక్కపెట్టు" అని. ఈ ఆట నేను అంజుకి నేర్పలేదు. నా మొగుడే అయినా నాగరాజ్‌కి ఇలాంటిది ఒకటుందని కూడా తెలియదు. పోయిన జూన్‌లో నా షిఫ్టు మారినప్పటి నుంచి డిసెంబరు దాకా అంజు నీ దగ్గరే ఉంది. నువ్వు నేర్పావా? ఊరికే సరదాకి నేర్పి ఉంటే ఆ ముక్క రాయి, నా గుండె దడ తగ్గుతుంది.

జవాబు కోసం చూస్తుంటాను.

నీ సుమ


మహదేవపుర,
17 మార్చి 2002

అక్కా,

నెల రోజులు నీ జవాబు కోసం చూశాను. రాలేదు. "శివరాత్రికి పిల్లని రెండ్రోజులు పంపు" అని నాగరాజ్‌తో కబురు మాత్రం వచ్చింది. పంపాను. నీ మీద నమ్మకంతో పంపాను చూడు, నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

గురువారం తిరిగొచ్చింది. శుక్రవారం నీళ్లు పోస్తుంటే చూశాను. కుడి భుజం వెనక కమిలిపోయి ఉంది. నాలుగు వేళ్ల గుర్తులు వరసగా. "ఎవరు కొట్టారే?" అని అడిగాను. నోరు విప్పలేదు. మళ్లీ అడిగాను. బొటనవేళ్లు గుప్పిట్లోకి పోయాయి. నా కన్నకూతురు నా చేతుల్లో, సబ్బు నురగలో, రాయి అయిపోయింది అక్కా. ఏ కష్టం వచ్చిందో కన్నతల్లికి చెప్పుకోలేనంతగా దాన్ని ఎవరు భయపెట్టారు?

శనివారం బస్సులో హనుమంతు కనిపించాడు. మన పక్కింట్లో మగ్గం నేసేవాడు, గుర్తున్నాడు కదా. ఆ మాటా ఈ మాటా అయ్యాక "మునక్క మీ నాయన్ని చూసుకుంటా ఉండాది గదమ్మా, పెద్ద మనసు ఆయమ్మది" అన్నాడు. దిగాల్సిన స్టాపు దాటిపోయి ఎక్కడో దిగాను. అంతా తెలిసిపోయింది. నువ్వు అంజుకి రాయి ఆట ఎందుకు నేర్పావో ఇక ఊహించుకోనక్కర్లేదు. ఆ ఆటకి ఉన్న పని ఒక్కటే. నాయన నీ ఇంట్లో ఉన్నాడు.

పెళ్లప్పుడే నీతో చెప్పాను కదా, ఆయన బతికి ఉన్నాడో లేదో కూడా నాకు చెప్పొద్దని, ఆయన నీడ కూడా నా పిల్లల మీద పడకూడదని. సరేనన్నావు. నా తల మీద చెయ్యి వేసి అన్నావు. అమ్మ మెట్ల మీంచి జారిపడి చచ్చిపోయిందని ఆస్పత్రి కాగితంలో రాయించిన మనిషికి గంజి కాచి పోస్తున్నావా? ముసలివాడయ్యాడని జాలి కలిగిందా? నా బిడ్డని తీసుకెళ్లి ఆ మనిషి ముందు కూర్చోబెట్టి, చప్పుడు చేయకుండా దెబ్బలు తినడం నేర్పించావా? నువ్వు మనిషివేనా?

నిన్ను అమ్మకంటే ఎక్కువ అనుకున్నాను. మిషను వెనక నీ చెయ్యి నా నోటి మీద ఉండేది, ఆ చేతికి నూలు గంజి వాసన వేసేది, ఆ వాసన వస్తే ఈనాటికీ నాకు ధైర్యంగా ఉంటుంది. అలాంటి దానివి ఇంత పని చేశావు. ఇంక నీకూ నాకూ చెల్లు. మా గడప తొక్కకు. అంజు పేరెత్తకు.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ నెలాఖరుతో ఉద్యోగం మానేస్తున్నాను. రియాజ్ బతిమాలాడు, నాగరాజ్ అయితే తెల్లబోయి "ఎందుకు సుమా, ఆలోచించుకో, పిల్లకి బడి ఉంది కదా" అని పది రకాలుగా చెప్పి చూశాడు. బడి కూడా మాన్పిస్తున్నాను. మార్త మిస్ మాత్రం ఎవరు, పరాయి మనిషే కదా. ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి నా బిడ్డ నా కళ్ల ముందే ఉంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లో నేనూ అదీ, ఇద్దరమే. తలుపు వేసుకుంటే ఎవరొచ్చి ముట్టుకుంటారో చూస్తాను.

ఇదే నా చివరి ఉత్తరం.

సుమ


చందాపుర,
22 మార్చి 2002

చిన్నీ,

మీ అక్క మునివెంకటమ్మ రాసేది. ఈ కాగితం నీ చేతికి ఇచ్చేది నాగరాజ్. నువ్వు చదివే టయానికి అంజు ఈడ నా దగ్గర ఉంటాది. బడి నుంచే తెచ్చేయమని నేనే చెప్పినా. నువ్వు అరస్తావని తెలుసు. మొత్తం చదివినాక అరుచుకో, అంతవరకూ కూర్చో.

నాయన నా ఇంట్లో లేడు. యాడా లేడు. పోయిన కార్తీకంలో హిందూపురంలో సచ్చిపోయినాడు. చిన్నాయన కొడుకు కబురు పెడితే పోయి మట్టి వేసి వచ్చినా. బస్సులో హనుమంతు కనపడి యాడికి అంటే, నాయన కోసం పోతా ఉండా అన్నా. ఆయన ఏమి అర్థం చేసుకున్నాడో ఏమో. నీకు చెప్తే ఏమైపోతావో అని చెప్పలేదు. ఆ మనిషి పోయి నాలుగు నెలలు దాటింది చిన్నీ. అంజు భుజం మీద గుర్తులు ఆయనవి ఎట్లైతాయి?

శివరాత్రి ముందురోజు అంజు ఈడికి వచ్చినప్పుడే ఆ గుర్తులు ఉండాయి. అప్పుడు ఎర్రగా ఉండినాయి. నేను పసుపు, కొబ్బరినూనె రాసినా. నువ్వు చూసేటప్పటికి నీలంగా అయింటాయి.

ఆట నేనే నేర్పినా. ఆ మాట నిజం. ఎందుకు నేర్పినానో చెప్తా. జూన్‌లో పిల్లని తెచ్చి దించినప్పుడు నీ షిఫ్టు సంగతి ఊరికే ఒక సాకు. నాగరాజ్ ఈ గుమ్మంలో కూర్చోని ఏడ్చినాడు. "వదినా, సుమకి ఏదో అయితా ఉండాది, ఒకోసారి ఆమె ఆమె కాదు, తర్వాత అడిగితే ఏమీ జరగనట్టే నవ్వతాది, నేను డ్యూటీలో ఉంటే పిల్ల గతి ఏమి?" అన్నాడు. నేను నమ్మలేదు. మొగుడూ పెండ్లాం గలాటా అనుకున్నా. వాణ్ణే తిట్టి పంపినా.

మర్నాడు అంజుకి తల దువ్వతా అడిగినా, ఇంట్లో ఎవరైనా కొడతారా బంగారూ అని. "అమ్మ మిక్సీ వేస్తాది" అన్నది. మిక్సీ వేస్తే ఏమైతాది అన్నా. "దాంట్లో ఏమీ ఉండదు పెద్దమ్మా. ఊరికే తిరగతా ఉంటాది" అన్నది.

ఆ మాట నాలుగేండ్ల పిల్ల కల్పించేది కాదు. ఉత్త మగ్గం సంగతి ఈ లోకంలో నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?

అయినా కండ్లతో చూస్తే గాని నమ్మబుద్ధి కాలేదు. దసరాకి అంజుని తీసుకోని మీ ఇంటికి వచ్చినా. నువ్వు దోసెలకి చట్నీ చేస్తా ఉండావు. పిల్ల కొబ్బరి చిప్ప కింద పడేసింది. అంతే. నువ్వు ఏమీ అనలేదు. చట్నీ గిన్నెలోకి తీసినావు, జార్ కడిగినావు, ఉత్త జార్ మళ్లీ పెట్టి ఆన్ చేసినావు, పిల్ల పక్కకి తిరిగినావు. ఆ మొగం నాకు తెలుసు. పద్దెనిమిదేండ్లు వచ్చేదాకా దినామూ చూసిన మొగం అది. నేను అడ్డం పడినా. నీ గోళ్లు నా మోచేతిలో దిగినాయి. నాగరాజ్ వచ్చి స్విచ్ ఆపినాడు. నువ్వు స్టూలు మీద కూర్చోని, కాసేపటికి "అక్కా, కాఫీ తాగుదామా" అన్నావు. నా చెయ్యి చూసి "ఇదేంది అక్కా, పిల్లి గీరిందా" అన్నావు. నీ కండ్లల్లో అబద్ధం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచి మూసుకున్నా, డిసెంబరులో నువ్వు అడిగితే పిల్లని పంపేసినా. అమ్మ ఉన్నన్నాళ్లూ నేను చేసింది అదే పని గదా. నాకు వచ్చిన ఇద్య ఒకటే, అది పిల్లకి నేర్పినా. నిన్ను ఆ ఆటే కాపాడిందని ఇన్నేండ్లూ సంబరపడినా చిన్నీ. తప్పు చేసినా. మోత ఆపడానికి పోకుండా, మోతలో ఎట్లా నిలబడాలో మాత్రం నేర్పినా. అప్పుడు నాకు పద్నాలుగేండ్లు, ఏమీ తెలియదు. ఇప్పుడు ముప్పై తొమ్మిది, ఇప్పుడు ఏమని చెప్పుకోను?

నువ్వు సముద్రాల అవతల డాక్టర్ల ఊపిరి కూడా వింటావంటివి. రెండేండ్లుగా నీ మొగుడు నీ ఇంట్లో మునివేళ్ల మీద నడస్తా ఉండాడు, అది వినపడలేదా? నీ కూతురు నిన్ను ఒక్కసారైనా బిస్కెట్ కావాలని మారాం చేసిందా?

నువ్వు నాయన కాదు. నాయనకి అన్నీ గుర్తుండేవి. మర్నాడు అమ్మకి మందు కూడా తెచ్చేవాడు. నీకు గుర్తుండదు, ఆ తేడా నాకు తెలుసు. దెబ్బ తినే పిల్లకి ఆ తేడా తెలియదు.

హోసూరు రోడ్డులో తలకి వైద్యం చేసే పెద్దాస్పత్రి ఉండాది. నాగరాజ్ చీటీ రాయించి పెట్టినాడు. పో. నువ్వు పోయేదాకా అంజుని పంపను. పోలీసోళ్లని తెచ్చుకుంటావో, ఇల్లు పీకి పందిరి వేస్తావో నీ ఇష్టం. ఒకసారి ఊరుకున్నందుకు అమ్మ పోయింది. ఇంక ఊరుకోను.

మీ అక్క,
మునివెంకటమ్మ


మహదేవపుర,
26 మే 2002, ఆదివారం

మునక్కా,

రెండు నెలలు నీకు రాయలేదు. కోపంతో మొదటి రెండు వారాలు, సిగ్గుతో మిగతావి. ఇవాళ పొద్దున జరిగిందానికి నువ్వు ఏమనుకుంటున్నావో అని రాస్తున్నాను.

ముందు ఆ రోజు సంగతి చెప్పాలి. నీ ఉత్తరం నిలబడే చదివాను. చదివి నాగరాజ్ మొహాన కొట్టాను. "మీరిద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేసి నా బిడ్డని లాక్కున్నారు" అని అరిచాను. అతను వంగి ఆ కాగితాలు ఏరుకున్నాడు. అది చూస్తే ఇంకా ఒళ్లు మండింది. "చూద్దువు గాని రా" అని వంటింట్లోకి వెళ్లాను. ఉత్త జార్ పెట్టి మిక్సీ ఆన్ చేశాను. మధ్యాహ్నం మూడయింది, కిటికీలోంచి ఎండ పడుతోంది, ఎదురింటావిడ వడియాలు ఎత్తుతోంది, అంతా చూస్తూనే ఉన్నాను. "చూశావా, ఏమైంది? ఏమీ కాలేదు కదా" అనబోయాను.

అనలేదు. ఆ తర్వాత నాకు తెలిసింది నేను నేల మీద కూర్చుని ఉన్నానని, కుడిచెయ్యి వాచిపోయిందని. మిక్సీ ఆగిపోయి ఉంది. నాగరాజ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపయిందని అడిగాను. "ఐదారు నిమిషాలు" అన్నాడు. గోడకి సున్నం పెచ్చులు ఊడి, నెత్తురు మరకలు ఉన్నాయి. లేచి ఆ గోడ పక్కన నిలబడ్డాను. ఆ మరకలు నా నడుముకి కాస్త కిందగా ఉన్నాయి. అంజు నిలబడితే దాని తల సరిగ్గా అక్కడికే వస్తుంది.

అక్కా, ఆ గోడని చూశాక నేను నీతో ఏం వాదించను? అంతకుముందు ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ, ఏ తప్పుకి అని నాగరాజ్‌ని అడిగాను. తెలిసినంత చెప్పాడు. ఒక్కటీ నాకు గుర్తు లేదు. నా బిడ్డ ఒంటి మీద నేను చేసినవి ఇంకొకరు చెప్తే వినాల్సి వచ్చింది. అతన్ని కూడా తిట్టాను, రెండేళ్లు నోరు మూసుకుని ఎందుకున్నావని. "నువ్వు బతకవేమో అని భయమేసింది" అన్నాడు. మనందరం ఎవరినో ఒకరిని బతికించాలనే నోళ్లు మూసుకున్నాం, చూశావా.

ఆస్పత్రిలో సమీనా అని ఒక డాక్టరమ్మ చూస్తోంది. చిన్న వయసే, గట్టిది. మన ఇంటి సంగతంతా చెప్పాను. నేను టేపులో విన్నదే ఆవిడ ఇంకోలా చెప్పింది. చిన్నప్పుడు ఆ మోతలో నేను రాయి అయినప్పుడల్లా నా మెదడు ఆ కాసేపటిని పక్కన పడేసిందట. పక్కన పడేసింది ఎక్కడికీ పోలేదు. మోత వినపడగానే అది లేస్తుంది, నేను మాత్రం అక్కడ ఉండను. నీకు తెలుసా, అంజుకి మూడేళ్లు నిండేదాకా నేను దాని మీద చెయ్యి ఎత్తలేదట. నాకు గుర్తున్న మొదటి దెబ్బల రోజు నాకు మూడేళ్లున్నప్పటిదే. అది కూడా ఆవిడే పట్టుకుంది.

"అయితే ఇందులో నా తప్పు లేదా డాక్టర్?" అని ఆశగా అడిగాను. ఆవిడ మెత్తగా ఏమీ చెప్పలేదు. "మీకు జరిగినదానిలో మీ తప్పు లేదు సుమా. పాపకి జరిగినదానికి మాత్రం బాధ్యత మీదే. గుర్తు లేకపోయినా మీదే" అంది. ఆ మాటకి అక్కడే కూలబడి ఏడ్చాను. మందులు ఇచ్చింది, వారానికి రెండుసార్లు రమ్మంది. నయమవుతుందా అంటే ఏళ్లు పట్టొచ్చు, మాట ఇవ్వలేను అంది. అంజు గురించి మాత్రం ధైర్యం చెప్పింది. దానికి ఇంకా నాలుగేళ్లేనట, మెదడు ఇంకా తయారవుతూనే ఉందట, భయం లేని ఇల్లు, మాట తప్పని మనిషి ఒక్కరు ఉంటే చాలా మటుకు సర్దుకుంటుందట. ఆ ఇల్లు నీది, ఆ మనిషివి నువ్వు. నా పేరు ఆ లెక్కలో లేదు.

ఉద్యోగం మానలేదు. ఇంట్లో మిక్సీ లేదు. అయినా నన్ను నేను నమ్మను. పక్కింట్లో మోటారు వేస్తే నా చేతులు చూసుకుంటాను. మాటల మధ్యలో గడియారం వంక చూస్తాను, ఉన్నట్టుండి పది నిమిషాలు మాయమయ్యాయేమో అని. నిన్నటి నా సంగతి నేను నాగరాజ్‌ని అడిగి తెలుసుకోవాలి. మనిషికి ఇంతకంటే పెద్ద భయం ఉంటుందా? నేను పుట్టినప్పటి నుంచి తలుపు వైపే చూస్తూ బతికాను, లోపలికి ఎవరొస్తారో అని.

ఇక ఇవాళ పొద్దుటి సంగతి. డాక్టరమ్మ ఒప్పుకుంది, నాగరాజ్ తోడుండాలి, అంజు దగ్గరికి వస్తేనే ముట్టుకోవాలి, లేకపోతే లేదు అని. రెండు నెలల తర్వాత దాన్ని చూడబోతున్నానని దారంతా వేళ్ల మీద స్టాపులు లెక్కపెట్టుకున్నాను. మీ గేటు దగ్గరికి వచ్చేసరికి అది అరుగు మీద కూర్చుని ఉంది, నువ్వు చీరలకి ఫాల్స్ కుడుతుంటే మిగిలిన బట్ట ముక్కలన్నీ ముందేసుకుని. కాస్త ఒళ్లు చేసింది. జుట్టు పెరిగింది. గేటు చప్పుడుకి తలెత్తి నన్ను చూసింది.

నేను దాని చేతుల వంకే చూస్తున్నాను. రాయి అవుతుందేమో, గుప్పిళ్లు బిగిస్తుందేమో అని. బిగించలేదు. కెవ్వుమని అరిచింది. "పెద్దమ్మా! పెద్దమ్మా! అమ్మ వచ్చింది!" అని మీ వీధి వీధంతా అదిరిపోయేలా అరిచి, బట్ట ముక్కలు ఎక్కడివక్కడ విసిరేసి, లోపలికి పరిగెత్తి, వెక్కి వెక్కి ఏడ్చింది. నాలుగిళ్లవాళ్లు బయటికి వచ్చారు. ఒకావిడ "యారమ్మా నీవు?" అంటూ, నేనెవరినో చెప్పమని కన్నడంలో నిలదీసింది. నువ్వు లోపల "ఊరుకో బంగారూ, అమ్మే గదా, ఏడవద్దు" అంటుండటం నాకు వినపడుతూనే ఉంది. నువ్వు బయటికి వచ్చేసరికి నేను వెళ్లిపోయాను. కోపం వచ్చి వెళ్లిపోయాననుకున్నావేమో. నాగరాజ్ కూడా బస్సులో అలాగే అనుకుని నన్ను ఓదార్చబోయాడు.

కన్నకూతురు నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు పారిపోయింది. ఏడుపు రాలేదని అబద్ధం చెప్పను, అత్తిబెలె నుంచి వచ్చే బస్సులో అందరి ముందూ ఏడ్చాను. కానీ అక్కా, మన అమ్మ ఏడుపు వీధికి వినపడలేదు. నీదీ వినపడలేదు, నాదీ వినపడలేదు. మన ఇంట్లో భయమేసినప్పుడు నలుగురూ పరిగెత్తుకొచ్చేలా అరిచిన మొదటి ఆడపిల్ల అంజు. ఆ పిల్లని నేను కన్నాను, ఆ అరుపు నన్ను చూసే అరిచింది. రెండూ నిజమే.

వచ్చే నెల మళ్లీ వస్తాను. అప్పుడు దాన్ని ఊరుకోమనకు. అమ్మే గదా అని సర్దిచెప్పకు. ఎంతసేపు ఏడిస్తే అంతసేపు, ఎంత గట్టిగా ఏడిస్తే అంత గట్టిగా ఏడవనీ. నేను గేటు బయటే నిలబడతాను.

నీ చెల్లెలు,
సుమ